పుచ్చుకున్న ఇల్లు

మా కోడలు ఇల్లిల్లూ తిరిగి, నిన్న మీరేం తిన్నారని అడుగుతుంది. అలా అడిగినందుకు యూనివర్సిటీ వాళ్లు తనకి ఫెలోషిప్ ఇస్తున్నారు. మా రోజుల్లో ఈ పని పిట్టగోడ దగ్గర నిలబడి ఊరికే చేసేవాళ్లం, ఎవరూ పిలిచి డాక్టరేట్ ఇవ్వలేదు. ఆ పిల్ల మా ఇంటికొచ్చిన కొత్తలోనే ఈ మాట మొహం మీద అనేశాను. నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకుంది కదా అని మెతక మనిషి అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

నగరానికి వలస వచ్చినవాళ్లు ఎలా తింటున్నారు, ఎప్పుడు తినలేకపోతున్నారు అన్నది తన పరిశోధన. దాని పేరు మాత్రం చాంతాడంత ఉంటుంది. అందులో ఆహార భద్రత అనే మాట చూసి, అంటే ఫ్రిజ్‌కి తాళం వేయడమా అని అడిగాను. కాదత్తయ్యా, రేపటి తిండి గురించి ఇవాళ దిగులు లేకుండా పడుకోగలగడం అంది. జవాబు బాగుందనిపించింది గానీ పైకి అనలేదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. మెచ్చుకుంటే నెత్తికెక్కుతారన్నది నా సిద్ధాంతం. ఆ పిల్లలు చాటుగా నాకు పెట్టిన పేరు సీసీ కెమెరా. నాకు తెలియదనుకునేవాళ్లు, పాపం.

రిటైరయ్యాక నాకు తోచేది కాదు. డబ్బాల మూతలు తీసి చూడటం, ఈ గదిలో లైటు ఎందుకు వెలుగుతోందని అడగడం, అదే కాలక్షేపం. మా అబ్బాయి భరించలేక, అమ్మా, తనిఖీ చేయడానికి ఊళ్లో బోలెడు వంటిళ్లున్నాయి, నీ కోడలితో వెళ్లకూడదూ అన్నాడు. వాడు వేళాకోళానికి అన్నాడు గానీ కోడలు ఆ మాట పట్టుకుంది. పెద్దావిడ పక్కనుంటే ఆడవాళ్లు గుమ్మంలో నిలబెట్టకుండా లోపల కూర్చోబెట్టి మాట్లాడతారు, రండత్తయ్యా అంది. అలా నేనూ పరిశోధనలోకి దిగాను. జీతం లేదు, టీలు మాత్రం తాగినన్ని.

మేం వెళ్లే వీధి, కడుతూ ఉన్న పెద్ద అపార్టుమెంట్ల వెనక ఉంది. వాటిని కట్టేవాళ్లే ఆ వీధిలో ఉంటారు. రేకుల కప్పు కింద వరసగా ఒంటి గదులు. ప్రతి గదికీ ముందు వీధిలోకి ఒక తలుపు, వెనక మురుగుకాలవ మీద పరిచిన చెక్కల దారిలోకి ఇంకో తలుపు. ఒక్కో గదిలో వాళ్లు ఒక్కో దిక్కునుంచి వచ్చారు. పొరుగువాళ్లయ్యాకే చుట్టాలయ్యారు. తడి సిమెంటు వాసన వాళ్ల బట్టల్లో ఎంత ఉతికినా పోదు.

ఆ వీధికి పెద్ద దిక్కు మేస్త్రమ్మ. కాంక్రీటు మోసే ఆడవాళ్ల జట్టుని నడిపే మనిషి. కింద నిలబడి మాట్లాడితే పదో అంతస్తులో వాళ్లు జవాబు చెప్తారు, ఫోను ఖర్చు లేదు. మా కోడలు డాక్టరు చదువు చదువుతోందని ఆవిడ వీధంతా చాటింది. దాంతో మొదటి వారం మేం ఏ గడపలో కాలు పెట్టినా ఎవరో ఒకరు నాలుక బయటపెట్టి చూపించేవారు. ఇంకా డాక్టరు కాలేదు, అయినా ఆ డాక్టరు కాదు అని చెప్పడానికే మాకు బోలెడు సమయం పట్టింది.

కోడలి పని పద్ధతిగా ఉంటుంది, ఆ మాట చెప్పాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. సంచిలోంచి కొలత గరిటెలు, గ్లాసులు తీసి పెట్టుకుంటుంది. ఏం వండారు, ఎంత వండారు, ఎవరెవరు తిన్నారు అని అడిగి, గిన్నె చూసి, ఫొటో తీసుకుంటుంది. ఆఖర్న ఎవరు తిన్నారు అని కూడా అడుగుతుంది. అసలైన ప్రశ్న అదేనని నాతో ఒకసారి అంది. కానీ టైమెంతయింది అన్నట్టు మామూలుగా అడుగుతుంది.

ఒకసారి ముందుగా కబురు చేసి వెళ్లాం. ఆ కబురు చేయడమే పొరపాటని తర్వాత తెలిసింది. మొదటి ఇల్లు, స్లాబులకి చెక్కలు బిగించే సెంట్రింగ్ పనివాడిది. పొయ్యి పక్కన గిన్నె నిండా గుడ్ల కూర. నూనె పైకి తేలి, చూస్తేనే నోరూరేలా ఉంది. కోడలు కొలతలు తీసుకుంది, రాసుకుంది. రెండో ఇంట్లోనూ గుడ్ల కూరే. గుడ్లు చవగ్గా దొరికాయేమో అనుకున్నాను. మూడో ఇంట్లో గిన్నె చూసి ఆగిపోయాను. ఒక పక్క పిడి ఊడిపోతే ఆ చోట తీగ చుట్టి ఉంది. రెండో ఇంట్లో గిన్నెకీ అదే తీగ. హాస్టల్లో ఏ గిన్నెకి ఎక్కడ సొట్ట ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగినదాన్ని, నన్నా బోల్తా కొట్టించేది? నాలుగో ఇంట్లో కావాలనే గిన్నె ముట్టుకున్నాను. మొదటి ఇంట్లో చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నది ఇక్కడ గోరువెచ్చగా ఉంది. కూర మాత్రం చెంచాడు కూడా తగ్గలేదు. ఎలా తగ్గుతుంది, ఎవరూ తినందే? మేం ముందు తలుపులోంచి వీధిలోకి వస్తుంటే, అది వెనక తలుపులోంచి పక్కింటికి వెళ్తోంది.

నాకు ఒళ్లు మండింది. ఎండలో పడి ఇంత దూరం వస్తే మా చెవుల్లో పువ్వులు పెడతారా అనిపించింది. కడిగేద్దామని నోరు తెరవబోయాను. కోడలు నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. అప్పుడు అర్థమైంది, తనకి నాకంటే ముందే తెలిసిపోయిందని. తెలిసి కూడా ప్రతి ఇంట్లోనూ మొదటిసారి చూస్తున్నట్టే మూత తీసి చూసింది, కూర బాగా కుదిరిందండీ అంది, రాసుకుంది. ఎవరి మొహమూ చిన్నబోనివ్వలేదు. ఆఖరిది మేస్త్రమ్మ ఇల్లు. అక్కడికి చేరేసరికి కూర చల్లారి నూనె పేరుకుపోయింది. ఏదో మా తాహతు కొద్దీ వండుకుంటాం మేడమ్ అంది మేస్త్రమ్మ. ఆ మాట మా వైపు చూడకుండా అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా నోటికి తాళం లేదు. అబద్ధాల పుట్టలు, దొంగ గిన్నెలు, ఇంకా ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు. కోడలు కిటికీలోంచి చూస్తూ అంతా విని, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాట్లాడింది.

"మన పిల్లలు పస్తున్నారని ఎవరో కొత్త మనిషి వచ్చి కాయితం మీద రాసుకెళ్తుంటే మీరు రాయనిస్తారా అత్తయ్యా?"

"నేనైతే తలుపే తీయను," అన్నాను.

"వాళ్లు తీశారు కదా," అంది.

మాటల్లో ఓడిపోవడం నాకు అలవాటు లేని పని, అందుకని నిద్ర నటించాను.

అయితే జరిగిన నష్టం చిన్నది కాదు. తన థీసిస్ మొత్తానికి ఆ వీధే పట్టుగొమ్మ. నెలల తరబడి అక్కడ రాసుకున్నదంతా ఇప్పుడు అనుమానమే అయింది. ఎన్ని ఇళ్లలో ఎన్నిసార్లు ఎవరి కూర ఎవరు చూపించారో ఎవరికి తెలుసు? గైడు గారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చెడ్డవారు కాదు, తన మేలు కోరే మనిషే. ఆ వీధిని వదిలేసి ఇంకో బస్తీ తీసుకో అన్నారట. దాచిపెట్టి రాయడం తప్పు, ఉన్నదున్నట్టు రాస్తే పరీక్షకులు చీల్చి చెండాడతారు, ఎటు చూసినా చిక్కే అన్నారట. ఇంకో బస్తీకి వెళ్లి మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలంటే ఫెలోషిప్ గడువు సరిపోదు. ఫెలోషిప్ లేకుండా చదువు సాగదు. అంటే ఇన్నేళ్ల శ్రమ గంగపాలే.

నేను ధైర్యం చెప్పాలని చూశాను. నాకు తిట్టడం వచ్చినంత బాగా ఓదార్చడం రాదు. పోనీలే అమ్మాయ్, మళ్లీ చేద్దువుగాని అన్నాను. తను విన్నట్టు లేదు. ఆ రోజు తీసిన ఫొటోలన్నీ హాల్లో నేల మీద వరసగా పరిచి, వాటి మధ్యలో కూర్చుని ఉంది. మా అబ్బాయి కాఫీ తెచ్చిస్తే అది చల్లారిపోయింది, మళ్లీ వేడి చేసి తెచ్చాడు, అదీ చల్లారిపోయింది. ఉన్నట్టుండి తలెత్తి నన్ను పిలిచింది.

"అత్తయ్యా, ఒక్క చుక్క ఒలికిందా చూడండి."

చూశాను. గిన్నె అంచుల దాకా కూర. ఏ ఫొటోలోనూ పక్కలకి మరక లేదు.

"వెనక దారి చూశారుగా, మనిషి నడవడానికే భయం వేస్తుంది. అంత ఇరుకులో, అంత హడావిడిలో అన్ని ఇళ్లు తిరిగింది. ఎవరూ తడబడలేదు, ఎవరి తర్వాత ఎవరు అని ఎవరూ అడగలేదు. ఆ పని వాళ్లకి ఆ రోజే కొత్తగా వచ్చింది కాదు. వాళ్ల ఇళ్ల మధ్య గిన్నెలు రోజూ నడుస్తున్నాయి. నేనే ఇన్నాళ్లూ ముందు తలుపు దగ్గర కూర్చున్నాను."

ఆ తర్వాత లేచి నిలబడి, ఇంట్లో ఏం లేదని అడుగుతూ వచ్చాను, ఏం ఇచ్చారని అడిగి ఉండాల్సింది అంది. నాకు వెంటనే ఎక్కలేదు. మా అబ్బాయికి ఎక్కినట్టు తలూపాడు గానీ, వాడు పెళ్లయిన దగ్గర్నుంచీ అన్నిటికీ తలూపుతున్నాడు.

మళ్లీ వీధికి వెళ్లాం. ఈసారి కబురు చేయలేదు. గిన్నెలు చూపించమనలేదు, కొలత గరిటెలు సంచిలోంచి తీయలేదు. ఈ వారం మీ ఇంట్లోంచి ఏమేం బయటికి వెళ్లాయమ్మా అని మాత్రం అడిగింది. సెంట్రింగ్ పనివాడి భార్య మొదట అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. పక్కింట్లో పొయ్యి పాడైతే తన పొయ్యి ఇచ్చింది. చివరింటి బాలింతకి పప్పు వండి పంపింది. అవతలి గదిలో రంగులేసే కుర్రాళ్లకి పిండి ఇచ్చింది, అదీ జల్లించి మరీ ఇచ్చింది. ఆవిడ అంత చెప్తే పక్కింటావిడ ఊరుకుంటుందా? గుమ్మంలోకి వచ్చి తన చిట్టా విప్పింది. ఇంకొకావిడ చేతిలో పని వదిలేసి వచ్చింది. అంతకుముందు ఒక్కో జవాబు రాబట్టడానికి గొంతెండిపోయేది. ఇప్పుడు ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. రాసి రాసి కోడలి చెయ్యి నొప్పిపుట్టింది.

తమాషా ఏమిటంటే, ఆ వీధిలో అందరూ ఇచ్చినవాళ్లే. పుచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరిని అడిగినా మేం ఇచ్చాం అంటారు తప్ప, మాకు ఇచ్చారు అని నోరు జారరు. అయితే ఇచ్చింది గాల్లో కలిసిపోదుగా, ఎవరో ఒకరి పొయ్యి మీదికి చేరాలి. కోడలు మా హాలు గోడకి పెద్ద కాగితం అంటించి, ఇంటికో సున్నా చుట్టి, ఇచ్చిన ఇంటి నుంచి చేరిన ఇంటికి బాణాలు గీయడం మొదలుపెట్టింది. వారం వారం కొత్త కాగితం. బాణాలు చూస్తూ ఉంటే, ఎవరింట్లో ఎప్పుడు నిండుకుందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. సెంట్రింగ్ పనివాడి ఇంట్లోంచి ఒక వారం నాలుగు వైపులకి బాణాలు వెళ్తే, తర్వాతి వారం నాలుగు వైపుల నుంచీ ఆ ఇంట్లోకే వచ్చేవి. రోజూ ఆ గోడ ముందు నిలబడి చూడటం నాకూ అలవాటైంది. చూడటానికి వచ్చినవాళ్లకి నేనే వివరించేదాన్ని, అదేదో నేను గీసినట్టు.

తర్వాత వానలు పట్టాయి. వాన పడితే కాంక్రీటు పని ఆగుతుంది. ఒకరి పని కాదు, అందరి పనీ ఒక్కసారే ఆగుతుంది. ఆ వారాల్లో బాణాలు పల్చబడ్డాయి. చివరికి ఒక కాగితం మీద సున్నాలు మాత్రమే మిగిలాయి. ఆ వారం మేస్త్రమ్మనీ అడిగాం. ఈ వారం మా ఇంట్లోంచి ఏం వెళ్లలేదమ్మా అని చెప్పి తల వంచుకుంది. పస్తున్నామని ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా చెప్పని మనిషి, ఇవ్వలేకపోయానని చెప్పి కళ్లు తుడుచుకుంది. కోడలు ఏమీ రాసుకోకుండా ఆవిడ పక్కన కూర్చుండిపోయింది. నాకు ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ఆ సున్నాల కాగితమే తన థీసిస్‌కి గుండెకాయ అయింది. ఆ వీధిని నిలబెడుతున్నది ఒకరింటి నుంచి ఒకరింటికి నడిచే గిన్నె. అందరి చేతులూ ఒకేసారి ఖాళీ అయితే ఆ గిన్నె ఆగిపోతుంది. నగరం సాయం చేయదలిస్తే అలా ఆగిపోయే వారాల్లో చేయాలి. ఇది తన మాట. గైడు గారు చదివి, ఇలాంటిది నా విద్యార్థులెవరూ రాయలేదు అన్నారట. మా అబ్బాయి స్వీట్లు తెచ్చాడు. నేను రెండు తిన్నాను గానీ మెచ్చుకోలేదు.

స్వీట్ల డబ్బా ఖాళీ కాకముందే కోడలు బాంబు పేల్చింది. ఈ చాప్టర్ వీధిలో చదివి వినిపిస్తాను, వాళ్లు వద్దంటే తీసేస్తాను అంది. గైడు గారు తల పట్టుకున్నారట. మొదట్లోనే అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టారుగా, మళ్లీ ఏం అడుగుతావు అన్నారట. ఏం తిన్నారో చెప్పడానికి ఒప్పుకున్నారు సార్, గిన్నె సంగతి రాయడానికి ఒప్పుకోలేదు అందట, ఆయన ఎదుటే. గిన్నె సంగతి లేకుండా ఆ చాప్టర్ లేదు. ఆ చాప్టర్ లేకుండా థీసిస్ లేదు. ఇది తెలిసీ అడుగుతానంటోంది. మా అబ్బాయి మొదటిసారి తలూపలేదు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్లి, పంపు తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నాలో నేను నవ్వుకున్నాను. ఇంత పొగరు మా ఇంట్లో నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

సెలవురోజు మధ్యాహ్నం వీధంతా కొళాయి దగ్గరున్న రేకుల పందిట్లో కూడింది. మగవాళ్లు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. మేస్త్రమ్మ నా పక్కనే కూర్చుంది. కోడలు రాసుకున్నది మామూలు మాటల్లోకి మార్చుకుని చదవడం మొదలుపెట్టింది. ఎవరి పేరూ లేదు, వీధి పేరూ లేదు. ఐనా గిన్నె దగ్గరికి వచ్చేసరికి పందిరంతా బిగుసుకుపోయింది. మొదటి ఇంట్లో వేడిగా, ఆఖరి ఇంట్లో చల్లగా ఉన్న గుడ్ల కూర సంగతి తను ఏదీ దాచకుండా చదివింది. సెంట్రింగ్ పనివాడు గోడ వదిలి ముందుకొచ్చాడు. తెలిసి కూడా మా కొంపల్లో కూర్చుని నాటకం చూశారా మేడమ్, ఇప్పుడు మమ్మల్ని దొంగల్ని చేసి ఊరంతా చూపిస్తారా అన్నాడు. మిగతావాళ్లు గొణగడం మొదలుపెట్టారు. హాస్టల్లో అయితే నేను ఒక్క అరుపుతో అందరినీ కూర్చోబెట్టేదాన్ని. ఇక్కడ నేను వార్డెన్‌ని కాదు.

కోడలు గొంతు పెంచలేదు. అన్నా, చదవడానికి ముందే చెప్పాను, వద్దంటే తీసేస్తానని, ఇప్పుడూ అదే మాట, మొత్తం విన్నాక చెప్పండి అంది. మిగతాది చదివింది. ఎవరు ఏమేం ఇచ్చారో, ఎంత దూరం వెళ్లాయో, వానల్లో ఎలా ఆగిపోయాయో చదివింది. గొణుగుడు తగ్గింది. బాలింతకి పంపిన పప్పు దగ్గర ఎవరో ముక్కు చీదుకున్నారు. కానీ మేస్త్రమ్మ మొహం విప్పారలేదు.

"బాగానే రాశావమ్మా," అంది చివరికి. "ఇచ్చామని రాశావు, సంతోషం. అయితే ఇచ్చింది ఎవరికి? మాకు మేమే కదా. చదివినవాడికి ఆమాత్రం తెలీదా, పుచ్చుకున్నదీ మేమేనని? అది పదిమందిలో పడితే మేం తలెత్తుకోగలమా?"

అయిపోయింది అనుకున్నాను. ఆవిడ మాటకి ఆ వీధిలో ఎదురు లేదు. కోడలు చేతిలో కాగితాలు సర్దుకుంది, ఇక లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఇంకొక్క పేజీ ఉందక్కా అని చదివింది.

"ఈ వీధిలో ప్రతి ఇల్లూ ఇచ్చింది, ప్రతి ఇల్లూ పుచ్చుకుంది. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వని ఇల్లు ఒక్కటే ఉంది. అది ఈ పరిశోధన చేసిన మనిషిది. జవాబులు మారిపోతాయని ఆ మనిషి తన వృత్తి నియమం ప్రకారం ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. కానీ ఈ ఏడాదిలో ఈ వీధి ప్రతి ఇంటి టీ తాగింది. ఎండలో నీళ్లు తాగింది. బస్సులు ఆగిపోయిన రోజు అత్తగారితో సహా ఇక్కడే కడుపునిండా తింది. ఆ రోజు వండినవాళ్లు తిన్నారో లేదో అడగడం మర్చిపోయింది. బాణాలన్నీ గీస్తే, అన్ని ఇళ్ల నుంచీ బాణాలు వెళ్లిన ఇల్లు అదొక్కటే."

బస్సులు ఆగిపోయిన ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మేస్త్రమ్మ ఇంట్లో నేను మారు అడిగి మరీ పెట్టించుకున్నాను. మా ఇల్లంటే ఎవరొచ్చినా తినకుండా గడప దాటనివ్వని ఇల్లు. హాస్టల్లో వందల మందికి దగ్గరుండి పెట్టించిన చెయ్యి ఇది. నన్ను పట్టుకుని, పుచ్చుకోవడమే తప్ప ఇవ్వని ఇల్లని, నా కోడలే, కాగితం మీద రాసి, పదిమందిలో చదువుతుందా? ఆ పేజీ లాక్కుని నాలుగు ముక్కలు చేయాలనిపించింది. మేం ఇచ్చేవాళ్లమే, ఈ పిల్లే ఇవ్వనివ్వలేదు, బిస్కెట్ పొట్లం తెస్తానన్నా వద్దంది అని గట్టిగా చెప్పాలనిపించింది. చెయ్యి ముందుకి చాచాను కూడా. అప్పుడు తెలిసింది, వెనక తలుపులోంచి ఆ గిన్నె ఎందుకు అంత పరుగులు పెట్టిందో. ఆ సమయంలో నా చేతిలో గిన్నె ఉంటే నేనూ పరుగెత్తేదాన్ని.

మేస్త్రమ్మ నన్నే చూస్తోంది. తర్వాత మొత్తం పందిరి నన్నే చూసింది. కోడలు కూడా నా వైపు తిరిగింది. తను నాతో ముందుగా ఒక్క మాట చెప్పలేదు. చెప్తే నేను వద్దంటానని తెలుసు. ఇప్పుడు నేను వద్దంటే ఆ పేజీ ఉండదనీ తెలుసు, ఎందుకంటే అడిగి రాయడం తన పద్ధతి, అత్తగారికి వేరే పద్ధతి ఉండదు.

"మీ ఇంటి సంగతి ఇలా ఊరందరి ముందూ పెడుతోంది మీ కోడలు," అంది మేస్త్రమ్మ. "మీకు ఒప్పేనా అత్తగారూ?"

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్లు పట్టేశాయి, ఆవిడ భుజం ఆసరా తీసుకుని లేచాను.

"ఒప్పే," అన్నాను. "ఒక్క ముక్క కొట్టెయ్యొద్దు. మేం తిన్నాం. మారు వడ్డించుకుని తిన్నాం. మీకు మిగిలిందో లేదో చూడలేదు. ఇది నా కోడలు, నా గురించి కూడా నిజమే రాసింది. ఇంతకంటే గొప్ప పిల్ల నాకు దొరకదు."

ఎవరూ నవ్వలేదు. కోడలు తల వంచుకుని కాగితాల్లో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. మేస్త్రమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది. నా చెయ్యి ఇంకా ఆవిడ భుజం మీదే ఉంది.

"అయితే మాదీ రాసుకోమ్మా," అంది కోడలితో. "పుచ్చుకున్నామని కూడా రాయి."